పట్వారీకి పేటెంటు ఇవ్వాలి

దసరాకు హైదరాబాద్ నుంచి వచ్చిన మా సాఫ్ట్‌వేర్ మేనల్లుడు నాకు కంప్యూటర్‌లో ఫైళ్లను పొరలుగా పేర్చే ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ నేర్పాడు.

"బతుకమ్మ లెక్కనే మామా, వరస మీద వరస. కింది పొర అందరిదీ, దాన్ని ఎవరూ ముట్టరు. నువ్వొక ఫైలు మార్చాలంటే దాని కాపీ నీ పై పొరలోకి ఎక్కుతుంది. ఒక్క అక్షరం దిద్దినా ఫైలంతా ఎక్కాల్సిందే. పైనుంచి చూసినోళ్లకు అన్ని పొరలూ కలిసి ఒకటే కనిపిస్తాయి."

బెల్ ల్యాబ్స్ వాళ్ల ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో డైరెక్టరీలను ఇట్లా ఒకదాని మీద ఒకటి పేర్చారట. లినక్స్ కర్నెల్‌లోకి ఓవర్‌లే వచ్చింది 2014 డిసెంబరులో, 3.18 వెర్షన్‌తో. నాకు జాలేసింది. నల్లగొండ జిల్లాలో ఇది నిజాం జమానా నుంచి నడుస్తోంది.

మా భూమి రికార్డులే చూడండి. అడుగున సేత్వార్, అంటే సర్వే చేసినప్పటి మూల రికార్డు. దాని మీద 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసిన పుస్తకం. ఆ పైన ఏటా ఒక పహాణీ. 2020లో ధరణి, 2025లో భూభారతి అనే ఆన్‌లైన్ రికార్డులు. ఈ మధ్యలో రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకం రాసుకునే సాదాబైనామా అనే తెల్లకాగితం పొర ఎక్కడ దూరిందో దూర్చినాయనకే తెలియాలి. ఫైలు దారి చెప్పడానికి కంప్యూటరోళ్లు అడ్డగీతలు గీస్తారు కదా, మా చెలక నంబరు 112/అ/2/ఇ. ఎవరిని చూసి ఎవరు రాశారో విచారణ జరిపించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

"ఒకే కింది పొర మీద ఎవరి పై పొర వాళ్లకు ఇవ్వొచ్చు, ఒకరి మార్పు ఇంకొకరికి కనిపించదు" అన్నాడు అల్లుడు. దాన్ని మేము అన్నదమ్ముల పంపకం అంటాం. తాత వదిలింది 4 ఎకరాలు. మా నాయన కాగితంలో ఆయనది 2 ఎకరాల 10 గుంటలు, బాబాయి కాగితంలో ఆయనది 2 ఎకరాల 5 గుంటలు. రెండు కాగితాలకూ ముద్రలున్నాయి. కలిపితే భూమి 15 గుంటలు పెరిగింది! ఏ శాస్త్రవేత్తా సాధించని ఈ వృద్ధి మీద గెట్టు పంచాయితీ ఇంకా నడుస్తోంది.

వైట్‌అవుట్ సంగతి విన్నాక మాత్రం పొంగిపోయాను. కింది పొరలోని ఫైలును తీసేయమంటే సిస్టమ్ దాన్ని తీయదట. పై పొరలో 'ఇది లేదు' అని గుర్తు పెడుతుందట, అంతే. అచ్చం రిజిస్ట్రేషన్లు ఆపేసిన భూముల మన నిషేధిత జాబితా! భూమి ఉన్నచోటే ఉంటుంది, గడ్డి మొలుస్తుంది, మా బర్రె వెళ్లి మేస్తుంది. స్క్రీన్ మీద మాత్రం ఉండదు. బర్రెకు లాగిన్ లేదు కాబట్టి దానికి టెన్షన్ లేదు.

ఒక్క తేడా ఒప్పుకోవాలి. వాళ్ల కింది పొర చదవడానికే, రాయడానికి కాదు. మా దగ్గర ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీ కలానికి అందని పొర లేదు. 1984లో పట్వారీలు పోయారు, 2020లో వాళ్ల తర్వాత వచ్చిన గ్రామ రెవెన్యూ అధికారులు, వీఆర్వోలూ పోయారు. యూజర్లను తీసేశారు గానీ వాళ్లు రాసింది ఎవరూ తీయలేదు.

"అయితే అడుగు పొరనే చూడు మామా" అన్నాడు.

చూశాను. ఆ పేజీ కోసం ఒక ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగితే, సరిగ్గా మా నంబరున్న చోట చెదలు తిని ఉంది.

"బ్యాకప్ లేదా?"

ఉంది. మా చిన్నతాత. 90 దాటాయి. గెట్టు ఎక్కడుండేదో అడుగులు కొలిచి చూపిస్తాడు. కాకపోతే పొద్దటి పూటే తెరుచుకుంటాడు, అదీ చాయ్ తాగినాక.