తెర చదవకండి, బోర్డు మార్చండి

కొత్తగా బిగించిన కంప్యూటర్లో విండోస్ ఎక్కించేటప్పుడు తెర మీద కొన్ని అక్షరాలు వస్తాయి. అవి అందం కోసం వేసినవి, వాటిని చదవడం మర్యాద కాదు. విజయవాడ గవర్నర్‌పేట నుంచి గుంటూరు అరండల్‌పేట దాకా అసెంబ్లింగ్ పనిలో తలపండిన మాస్టార్లు ఈ నియమాన్ని ఎంత నిష్ఠగా పాటిస్తున్నారో తెలిసినవాళ్లకు తెలుసు. చదివితే పని పది నిమిషాల్లో తేలిపోతుంది. పది నిమిషాల్లో తేలిపోయే పనికి డబ్బిచ్చే పార్టీ దగ్గర విలువేముంటుంది?

మాస్టారి విద్వత్తు పూర్తిగా బయటపడే ఘట్టం ఒకటుంది. విండోస్ ఏ డిస్కులో వేయాలని సెటప్ అడుగుతుంది. కింద జాబితా ఖాళీ. డ్రైవులేవీ కనబడలేదు, స్టోరేజ్ డ్రైవర్ కావాలంటే లోడ్ డ్రైవర్ నొక్కండి అని అక్కడే రాసి ఉంటుంది. డ్రైవర్ అంటే ఆ పరికరాన్ని విండోస్ గుర్తుపట్టేలా చేసే ప్రోగ్రామ్. బటన్ కూడా పక్కనే ఉంటుంది. మాస్టారు దాని వంక కన్నెత్తి చూడరు.

"ఎస్‌ఎస్‌డీ పోయింది సార్."

"ఇందాకేగా కవరు చింపింది?"

"కొత్తవే ఎక్కువ పోతన్నాయండీ ఈ మధ్య."

విండోస్ ఎక్కాల్సిన ఆ ఎస్‌ఎస్‌డీ డిస్కుని ఊడదీస్తారు. నోటితో ఊదుతారు. ఇంకో స్లాటులో పెడతారు. జాబితా మళ్లీ ఖాళీ. ఇక తప్పదన్నట్టు ర్యామ్, అంటే మెమరీ పట్టీ, బయటికొస్తుంది. పెన్సిల్ రబ్బరు కూడా బయటికొస్తుంది. గంట క్రితం ప్యాకెట్లోంచి తీసిన డీడీఆర్5 ర్యామ్ బంగారు పూత కాళ్లను రబ్బరుతో రుద్దుతారు. సెటప్ తెర దాకా వచ్చిన మెషీన్లో ర్యామ్ అప్పటికే పనిచేస్తోందని, డిస్కు జాబితాకీ దానికీ సంబంధం లేదని అడిగే సాహసం అక్కడ ఎవరూ చేయరు. రుద్దిన ర్యామ్‌ని వేరే స్లాట్లలో గుచ్చుతారు. నాలుగు స్లాట్ల మదర్‌బోర్డులో రెండు స్టిక్కులుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడమని మాన్యువల్ చెబుతుంది గనుక, ఒకటీ మూడూ ఎంచుకుంటారు.

ఇప్పుడు తెర నల్లగా ఉంటుంది. డీడీఆర్5 ర్యామ్‌ని మొదటిసారి పెట్టినా, స్లాటు మార్చినా బోర్డు దాన్ని పరీక్షించి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. అంతసేపూ డిస్‌ప్లే రాదు. మాస్టారు ముప్ఫై సెకన్లు చూసి స్విచ్ నొక్కేస్తారు. మళ్లీ వేస్తారు, మళ్లీ ఆపుతారు. పాపం ఆ బోర్డు ప్రతిసారీ ఓనమాల దగ్గర్నుంచి మొదలెడుతుంది. పక్క షాపు నుంచి పెద్ద మాస్టారు దయచేసి, చెయ్యి వెనక్కి కట్టుకుని చూసి, "ఎస్‌ఎంపీఎస్ డౌటుగా ఉంది" అంటారు, అంటే లోపలికి కరెంటిచ్చే డబ్బా. చిన్నోణ్ణి టీకి పంపిస్తారు. టీ వచ్చేలోపు తీర్పు కూడా వస్తుంది: "బోర్డు పోయింది సార్, కంపెనీకి పంపితే పదిహేను రోజులు పడుద్ది." ఆడలేక మద్దెల ఓడన్నారు, ఇక్కడ మద్దెలకి వారంటీ కూడా ఉంది కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

జరిగిందేమిటో రెండు ముక్కల్లో అయిపోతుంది. ఇంటెల్ పదకొండో తరం, ఆ తర్వాతి ప్రాసెసర్ల ప్లాట్‌ఫామ్‌లు చాలావాటిలో, డిస్కులను ఒక కంట్రోలర్ కిందికి తెచ్చే వీఎండీ అనే సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ ఆ కంట్రోలర్ వెనకాల దాక్కుంటుంది. విండోస్ సెటప్ దగ్గర దానికి తగిన డ్రైవర్ లేకపోతే ఎస్‌ఎస్‌డీ కనబడదు. బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందే వచ్చే బోర్డు సెట్టింగ్స్‌లోకి, వెళ్లి చూస్తే అదే ఎస్‌ఎస్‌డీ పేరు, సైజు శుభ్రంగా కనిపిస్తాయి. అంటే అది బతికే ఉంది. దారులు రెండు. బోర్డు కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే స్టోరేజ్ డ్రైవర్ దింపి, జిప్ విప్పి, ఫోల్డర్‌గా పెన్‌డ్రైవ్‌లో పెట్టి, లోడ్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపించడం ఒకటి. జిప్ విప్పకుండా పెడితే సెటప్‌కి ఏమీ కనబడదు. రెయిడ్ (రెండు మూడు డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడడం) అవసరం లేనివాళ్లకు ఇంకా తేలిక: బయాస్‌లో వీఎండీ ఆపేసి సెటప్ మళ్లీ మొదలుపెట్టడమే. ఆ ఆపేదేదో విండోస్ వేయకముందే ఆపాలి. వేశాక ఆపితే బూట్ డ్రైవ్ అందడం లేదని నీలం తెర వస్తుంది, మాస్టారు మళ్లీ రబ్బరు తీస్తారు.

విండోస్ 11 ఈ పీసీలో నడవదని వస్తే "ప్రాసెసర్ మార్చాలి" అనే శాస్త్రం కూడా ఉంది. కొత్త ప్రాసెసర్‌కి కావలసింది బయాస్‌లో ఒక్క మార్పు: ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అనే భద్రతా సెట్టింగ్ ఆన్ చేయడం. దాంతోపాటు పాత పద్ధతి బూట్ అయిన సీఎస్‌ఎం ఆపి పూర్తిగా కొత్త పద్ధతి యూఈఎఫ్‌ఐలో ఉంచితే విండోస్ 11 అడిగే సెక్యూర్ బూట్ గొడవా తీరుతుంది. నెట్ కేబుల్‌ని పనిచేయించే లాన్ డ్రైవర్ లేక ఇంటర్నెట్ దగ్గర సెటప్ ఆగిపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి ఫోన్ నెట్‌ని పీసీకి పంచే యూఎస్‌బీ టెథరింగ్ పెడితే చాలు. వీటికి టీ కూడా అక్కర్లేదు.

పాత హార్డ్‌డిస్క్ కొత్త డబ్బాలోకి వచ్చినప్పుడు మాత్రం నవ్వు ఆగిపోతుంది. ఈ డిస్కులో ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్ ఉంది, ఈఎఫ్‌ఐ సిస్టమ్‌లో జీపీటీ కావాలి అని తెర చెబుతుంది. డిస్కుని భాగాలుగా పంచే పద్ధతుల్లో ఎంబీఆర్ పాతది, జీపీటీ కొత్తది. మాస్టారికి ఇక్కడ ఒక మంత్రం వచ్చు. షిఫ్ట్, ఎఫ్10 నొక్కి డిస్క్‌పార్ట్, సెలెక్ట్ డిస్క్ 0, క్లీన్. ఆ సున్నా నంబరు ఏ డిస్కుదో చూడరు. లిస్ట్ డిస్క్ అని కొడితే సైజులు పక్కనే వస్తాయి. 500 జీబీది కొత్త ఎస్‌ఎస్‌డీ, 1 టీబీది ఇంటిల్లిపాదీ పెళ్లి ఫొటోలున్న పాతది. క్లీన్ అంటే ఆ డిస్కులోని పార్టిషన్లన్నీ చెరిపేయడం, అది "ఖాయమేనా?" అని కూడా అడగదు. అందుకే విండోస్ వేసేముందు పాత డిస్కు సాటా కేబుల్ పీకేయాలి. పీకకపోతే ఇంకో ముప్పు: విండోస్ ఎస్‌ఎస్‌డీలో పడినా బూట్ ఫైళ్లు పాత డిస్కులోకి వెళ్లి కూర్చోవచ్చు. ఏడాది తర్వాత ఆ పాతది తీసేసిన రోజున మెషీన్ లేవదు. అప్పుడేం పోయిందంటారో చెప్పాలా?

ఇంతకీ మాస్టారి పెన్‌డ్రైవ్ సంగతి. కాలం ఎరగని విండోస్ 10 అందులో ఉంటుంది. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసిందన్న కబురు ఏలూరు రోడ్డు దాకా ఇంకా రాలేదు. పక్కనే, లైసెన్స్ కీ కొనకుండానే కొన్నట్టు విండోస్‌ని నమ్మించే యాక్టివేటర్ ఉంటుంది. "యాంటీవైరస్ ఆపితేనే యాక్టివేట్ అవుద్ది సార్" అని డిఫెండర్‌ని ఆపేస్తారు, మళ్లీ ఆన్ చేయరు. ఎవడు రాశాడో, లోపల ఏం పెట్టాడో తెలియని ప్రోగ్రామ్‌కి అడ్మిన్ హక్కులిచ్చి నడిపిస్తారు. మిర్చి యార్డులో గుమస్తా పనిచేసే తండ్రి, ఇంజినీరింగ్ ఫస్టియర్ పిల్లాడి కోసం అప్పు చేసి కొన్న మెషీన్ అది. రేపు కాలేజీ ఫీజు కట్టేదీ, బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టేదీ దాంట్లోనే. తాళం పగలగొట్టి తలుపు తీసిపెట్టిన ఇంటిని అమ్మి, పైగా దానికి "ఇన్‌స్టలేషన్ చార్జీ" అని డబ్బు తీసుకోవడాన్ని వ్యాపారం అనరు. సిగ్గుండాలి! మైక్రోసాఫ్ట్ సైట్లో విండోస్ 11 సెటప్ ఫైలు, అంటే ఐఎస్‌ఓ, ఊరికే దొరుకుతుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. కీ లేకుండానే ఎక్కుతుంది. మూలన యాక్టివేట్ చేయమని ఒక వాక్యం కనిపిస్తుంది, వాల్‌పేపర్ లాంటివి సెట్టింగ్స్‌లో మార్చుకోనివ్వదు. కీ తర్వాత కొనుక్కోవచ్చు. అదీ భారమనుకుంటే విండోస్ బదులు వాడే ఉబుంటు, మింట్ పూర్తిగా ఉచితం. ఇవి తెలిసి కూడా చెప్పనివాడు పనిమంతుడు కాడు, మోసగాడు.

బిల్లులో "ఓఎస్ ఇన్‌స్టలేషన్, విత్ యాక్టివేషన్" అని ఒక లైను ఉంటుంది. దాని పక్కన లైసెన్స్ కీ రాసి ఇమ్మనండి. రాయనంటే ఆ లైను కొట్టేయించి మిగతాది కట్టండి.