బెడ్‌రూమ్‌లో ఫ్యాన్ ఉంటే పల్లెటూరి లుక్కట!

రాత్రి ఒంటిగంటకి కరెంటు పోయింది. రోహిణి కార్తె, బెజవాడ, ఐదో అంతస్తు, నెత్తి మీద స్లాబ్ తప్ప ఇంకేం లేదు. ఇన్వర్టర్ ఉందిలే అన్న ధీమాతో అటు తిరిగి పడుకోబోయాను. అప్పుడు గుర్తొచ్చింది. మా ఇన్వర్టర్ ఏసీని లాగదు, ఫ్యాన్లనే లాగుతుంది. ఈ గదిలో ఉన్న ఒక్క ఫ్యానునీ మొన్ననే పీకి అటకెక్కించారు.

హాల్లో ఫ్యాన్ తిరుగుతోంది. ఎవరూ లేని పిల్లల గదిలో కూడా తిరుగుతోంది, వాళ్ళు అమ్మమ్మగారింటికి వెళ్ళారు కాబట్టి ఆపేవాళ్ళు లేరు. అంత డబ్బు పోసి కొత్తగా చేయించుకున్న మా గదిలో మాత్రం ఫాల్స్ సీలింగ్ చుట్టూ పసుపచ్చ స్ట్రిప్ లైట్లు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. ఆ వెలుతురులో ఇద్దరం పెళ్ళి శుభలేఖలు పట్టుకుని విసురుకున్నాం. లుక్ అయితే అదిరింది!

ఫ్యాన్ తీయొద్దని ముందే మొత్తుకున్నాను. ఆ ఇంటీరియర్ కుర్రాడు నవ్వి, "ఏసీ ఉన్న రూముకి ఫ్యానెందుకు మేడమ్, పల్లెటూరి లుక్ వచ్చేస్తుంది" అన్నాడు. మా ఆయన తలూపారు. ల్యాప్‌టాప్‌లో త్రీడీ బొమ్మ చూపిస్తే ఈయన దేనికైనా తలూపుతారు. ఆ బొమ్మలో మా కిటికీలోంచి మంచు కొండలు కనిపిస్తున్నాయి, అది చూసైనా అనుమానం రావాలా వద్దా? మా కిటికీలోంచి కనిపించేది పక్క బిల్డింగ్ వాళ్ళ ఏసీ అవుట్‌డోర్ యూనిట్. సాయంత్రం మొదలుపెట్టి తెల్లారేదాకా వేడంతా మా మొహాన ఊదుతుంది.

పాపం పెయింటరు నయం. ఎండెక్కాక పడమటి గోడకి రంగు వెయ్యనన్నాడు. "గోడ కాలిపోతోందమ్మా, రోలర్ తిప్పేలోపే తడి లాగేస్తోంది" అని చూపించాడు. నిజమే, ఒక పట్టీ వేసి పక్క పట్టీకి వచ్చేసరికి మొదటిది ఆరిపోయి, రెండూ కలిసే చోట గీత కనిపిస్తోంది. ట్రేలో రంగు మీద పొర కట్టేసింది. పొద్దున్నే ఆరింటికి వచ్చి వేస్తానంటే ఇంటీరియర్ బాబుకి కోపం, షెడ్యూలు తప్పిపోతుందట. ఫ్యాన్ హుక్కు మూసెయ్యొద్దని చెప్పినవాడు కూడా పెయింటరే. కానీ అతని దగ్గర ల్యాప్‌టాప్ లేదుగా.

రంగేమిటనుకున్నారు? చార్‌కోల్ గ్రే. లోపలి గోడ రంగుకీ వేడికీ సంబంధం లేదని కామెంట్లలో సైన్సు చెప్పడానికి దిగుతారని తెలుసు. సరే, లేదు. కనీసం కళ్ళకైనా చల్లగా ఉండక్కర్లేదా? నలభై మూడు డిగ్రీల ఊళ్ళో బొగ్గు రంగు గోడ, దానికి జోడీగా వెల్వెట్ కర్టెన్లు! మంగళగిరి నూలు బట్ట పక్కనే దొరుకుతుంది, అది కుట్టిద్దామంటే "ప్రీమియం ఫీల్ రాదు మేడమ్".

అసలు రంగు వెయ్యాల్సింది లోపల కాదు, పైన. డాబా మీద తెల్లగా సున్నం కొడితే స్లాబ్ అంత కాగదని మన ఊళ్ళల్లో ఎవరిని అడిగినా చెప్తారు. తెలంగాణ ప్రభుత్వమైతే 2023లో దీని మీద ఏకంగా కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది. మా అసోసియేషన్‌లో అడిగితే, "అది టాప్ ఫ్లోర్ వాళ్ళ ప్రాబ్లం కదండీ" అన్నారు. డాబా మాత్రం అందరిదీ! వడియాలు పెట్టుకోవడానికీ, పుట్టినరోజు పార్టీలకీ అందరిదే. వేడి ఒక్కటే మాది. కింద లాబీలో గ్రానైట్ వేయించడానికి మాత్రం మా దగ్గరా వసూలు చేశారు.

స్లాబ్ పగలంతా మింగిన వేడిని రాత్రికి తీరిగ్గా కక్కుతుంది. 2020 నుంచి ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని రూలు. మా రిమోట్ మీదా 24 ఉంటుంది. గోడ మీద చెయ్యి పెడితే అట్లపెనం.

అయినా ఈ కుర్రాణ్ణి అని ఏం లాభం? ఈ గది గొంతు ఎప్పుడో నులిమేశారు. ఫ్లాటు కొన్నప్పుడు దీనికి రెండు కిటికీలు. ఒకటి పడమరకి, ఒకటి దక్షిణానికి. గృహప్రవేశానికి ముందు మా బావగారు ఒక సిద్ధాంతిగారిని వెంటబెట్టుకొచ్చారు. ఆయన దిక్సూచి పెట్టి చూసి, నైరుతి గదికి దక్షిణపు కిటికీ ఉంటే ఇంటి యజమానికి గండం అన్నారు. సాయంత్రానికల్లా ఇటుకలు పెట్టి మూసేశారు. నైరుతిలో బరువుండాలని ఆ గోడకే ఇనప బీరువా ఆనించారు.

మే నెలాఖరుకి మన బెజవాడలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరిగి ఉంటాడు. దక్షిణపు గోడకి నేరుగా ఎండే తగలదు. సాయంత్రమైతే కాస్తో కూస్తో చల్లగాలి వచ్చేది ఆ వైపు నుంచే. ఎండ రానిచ్చే కిటికీ ఉంచి, గాలి వచ్చే కిటికీ మూయించిన శాస్త్రం ఇది! గండం యజమానికేనా, మిగతావాళ్ళకి కూడా ఉంటుందా అని అప్పుడే అడగబోయాను. "పెద్దవాళ్ళు మాట్లాడుతున్నప్పుడు నువ్వు కాఫీ పెట్టు" అన్నారు అత్తయ్యగారు. పెట్టాను.

పోనీ బావగారింట్లో ఎలా ఉందో చూద్దాం. ఆయన పడుకునే గదీ నైరుతే. దక్షిణానికి కిటికీ కాదు, ఏకంగా బాల్కనీయే ఉంది, అందులో ఉయ్యాల కూడా. పోయిన సంక్రాంతికి అడిగేశాను. "మాది ఇండిపెండెంట్ హౌసమ్మా, దాని లెక్క వేరు" అన్నారు ఊగుతూ.

బావగారూ, ఈ పోస్టు మీరు చూస్తారని తెలుసు, నా పోస్టులన్నీ లైకు కొట్టకుండా చూస్తారు. ఇవాళ పొద్దున్నే బీరువా పక్కకి జరిపించాను. ఫ్యాన్ బిగించడానికి ఎలక్ట్రీషియన్ సాయంత్రం వస్తున్నాడు, సీలింగ్‌కి కన్నం పడితే పడనీ.

ఫ్రెండ్స్, గోడ కోసి కిటికీ పెట్టే మంచి మేస్త్రీ మొగల్రాజపురం, పటమట వైపు ఎవరైనా తెలిస్తే ఇన్‌బాక్స్ చేయండి. వాస్తు తెలిసిన మేస్త్రీ మాత్రం వద్దు.