స్లో స్క్రూ తిప్పే ముందు ఒక్క మాట అడగండయ్యా

ఇంజెక్షన్ బండ్ల వాళ్లు ఈ పోస్టు వదిలేసి వెళ్లిపోవచ్చు. ఇది కార్బరేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపేది) బాధితుల గోడు.

మా ఇంట్లో 1997 మారుతి జెన్ కారు ఉంది. నాన్న కొన్నది, అమ్మనివ్వరు. 993 సీసీ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, ఇప్పటికీ రోడ్డెక్కితే పరుగే. కానీ మొన్న వేసవి నుంచి సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, స్టీరింగ్ జ్వరమొచ్చినట్టు వణికి బండి ఆఫ్. సాయంత్రం ఆరింటికి విజయవాడ రామవరప్పాడు రింగ్ దగ్గర, వెనక బస్సు వాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా ఉంటే, సెల్ఫ్ కొడుతూ కూర్చోవడం పగవాడికి కూడా వద్దు.

మొదటి మెకానిక్ బానెట్ ఎత్తాడు, విన్నాడు, "స్లో పడిపోయింది సార్" అన్నాడు. స్లో అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగే వేగం. దాన్ని పెంచే స్క్రూ ముప్పావు తిప్పాడు. రెండొందలు. రెండు వారాలు బాగానే నడిచింది, మళ్లీ మొదలు. రెండో ఆయన కార్బరేటర్ విప్పి కడిగాడు, పోతూ పోతూ ఆయన కూడా స్లో కాస్త పెంచాడు. మూడో ఆయనైతే కడగడం దండగ, మొత్తం మార్చేయమన్నాడు. ముగ్గురి షెడ్డులోనూ బండి నిలబెట్టి చూస్తే శుభ్రంగా నడిచేది. నేనేమో పిచ్చోడిలా "నిజంగా ఆగుతోందండీ" అని చెప్పుకోవాలి.

ఈలోగా వాట్సాప్‌లో అందరిదీ ఒకటే తీర్పు: ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. నాకూ ఆ పెట్రోలంటే ప్రేమేమీ లేదు. పాత రబ్బరుకి ఇథనాల్ మంచిది కాదు, ఇంజిన్‌లోకి పోయే పెట్రోలు-గాలి మిక్చర్ కాస్త పల్చబడుతుంది, నిజమే. కానీ పెట్రోలు రోగమైతే ఇంటి ముందు నిలబెట్టినా ఆగాలి కదా? ఒక్క సిగ్నల్ దగ్గరే ఎందుకు చస్తుంది? పైగా ప్లగ్గులు విప్పి చూశాను. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లగా పాలిపోయి ఉంటే గాలి ఎక్కువైనట్టు. మావి చక్కగా ఇటుక రంగులో ఉన్నాయి. కార్బరేటర్‌ని అనవసరంగా బోనెక్కించారన్నమాట.

అసలు సంగతి పట్టింది నాన్న. ఒక రాత్రి వీధి సద్దుమణిగాక ఇంటి ముందు ఆపుతుంటే, "బ్రేకు తొక్కినప్పుడల్లా పాము బుసకొట్టినట్టు వస్తోందేంట్రా?" అన్నారు. మళ్లీ తొక్కాను. బుస్స్. ఇంజిన్ వణికింది. కాలు తీశాను. సర్దుకుంది.

బ్రేక్ బూస్టర్! పెడల్ తేలిగ్గా దిగడానికి అది ఇంజిన్ గాలి పీల్చేటప్పుడు పుట్టే వాక్యూమ్‌నే వాడుకుంటుంది. లోపల డయాఫ్రం అనే రబ్బరు పొర చిరిగితే, బ్రేకు తొక్కినంతసేపూ బయటి గాలి దొంగదారిన మానిఫోల్డ్‌లోకి, అంటే ఇంజిన్‌కి గాలి వెళ్లే గొట్టంలోకి పోతుంది. స్లోలో ఇంజిన్ పీల్చే గాలే కాస్త, దానికి ఈ అదనపు గాలి తోడైతే మిక్చర్ నీళ్లచారు. అరవైలో వెళ్తున్నప్పుడు లోపలికి పోయే గాలి చాలా ఎక్కువ, అందుకే ఈ లీకు ఇంజిన్‌కి తెలియను కూడా తెలియదు. షెడ్డులో బండి బానే నడవడానికి కారణం ఇంకా సింపుల్: బానెట్ ముందు నిలబడ్డవాడి కాలు బ్రేకు మీద ఉండదు!

తేల్చుకోవడానికి బూస్టర్‌కి వెళ్లే లావు గొట్టాన్ని గుడ్డ చుట్టి ప్లయర్‌తో నొక్కిపట్టి, నాన్నని బ్రేకు తొక్కమన్నాను. వణుకు లేదు. (ఆ గొట్టం మూసి మాత్రం బండి రోడ్డు మీదికి తీయకండి. పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది.)

నా కోపమల్లా ఇదే. ముగ్గురిలో ఒక్కడైనా "ఎప్పుడు ఆగుతోంది సార్?" అని అడగలేదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మాత్రమే ఆగితే ముందు చోక్ (చల్లని ఇంజిన్‌కి పెట్రోలు పాలు పెంచేది) చూస్తాం. రేసు ఇచ్చినా మిస్సింగ్ కొడుతుంటే ముందు కరెంటు సంగతి, అంటే ప్లగ్గులు, వైర్లు, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత. రేసులో బాగుండి స్లోలోనే చస్తుంటే స్లో జెట్‌లో (స్లోలో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) నలకో, ఎక్కడో గాలి లీకో. ఇవన్నీ మెకానిక్‌కి నాకంటే బాగా తెలుసు. అడిగే ఓపికే లేదు. చేతిలో స్క్రూ డ్రైవర్ ఉంది, ఎదురుగా స్క్రూ ఉంది, తిప్పేయడమే. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా బిళ్ల ఇచ్చినట్టు.

ఆటోనగర్‌లో బూస్టర్ మార్పించాం. ఇప్పుడు బ్రేకు తొక్కినా స్లో చెక్కుచెదరదు. కాకపోతే తలా ఓ చెయ్యి వేసి పెంచేశారు కదా, బండి నిలబడ్డ చోటే ట్రాక్టర్‌లా అరుస్తోంది. స్లో తగ్గిద్దామని నిన్న కూర్చున్నాను. ఆ స్క్రూ తల తినేసి ఉంది, స్క్రూ డ్రైవర్ పట్టడం లేదు.