పేరావైజ్ రిమార్క్స్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పేరావైజ్ రిమార్క్స్ గారికి,

హనుమకొండ కోర్టు నుంచి ప్రభుత్వ ప్లీడరు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు ఏ టేబుల్ మీద, ఎవరి సంతకం కోసం పడుకున్నారో తెలపగలరు.

సర్కారు మీద ఎవరైనా దావా వేస్తే, అందులో ఒక్కో పేరాకు శాఖ ఏమంటుందో చెప్పాల్సింది మీరు. మీరొస్తేగాని నా జవాబుదావా కదలదు. ఇన్నేళ్లుగా నేను కోర్టులో వాదిస్తున్నానని ఇంట్లోవాళ్లు అనుకుంటున్నారు. నేను చేస్తున్నది మీకోసం ఎదురుచూడటం.

అసలు దావాకు ముందే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు వస్తుంది. న్యాయముంటే కోర్టుదాకా రాకుండానే తేల్చుకోండని దాని ఉద్దేశం. అది ఇన్‌వార్డు ముద్ర వేయించుకుని అక్కడే సెటిలవుతుంది. తర్వాత సమన్లు. జవాబుకు 30 రోజులు, మహా అయితే 90. నేను లేచి "రిమార్క్స్ రాలేదు, టైం ప్లీజ్" అంటాను. ఈమధ్య నేను లేవకముందే జడ్జిగారే "ఇంకా రాలేదా?" అంటున్నారు.

ఒకసారి వచ్చారు లెండి, కాదనను. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ కింద భూమి పోయిన రైతు కేసు. మొదటి పేరాకు "నిజమే" అన్నారు. రెండోదానికి "రికార్డు లభ్యం కాలేదు". మూడోది పక్క సెక్షన్‌కు సంబంధించినదట. మామిడి చెట్ల ధర అడిగిన నాలుగో పేరాకు, అంగన్‌వాడీ భవనం అద్దె బకాయి ఏమీ లేదని జవాబిచ్చారు. కింద ఆకుపచ్చ ఇంకుతో ఇన్‌చార్జి సంతకం మాత్రం ముచ్చటగా ఉంది.

మీరు రాకున్నా వడ్డీ ఆగదు. కోర్టు పెంచిన భూపరిహారం మీద మొదటి ఏడాది 9 శాతం, ఆపైన 15. ఏ బ్యాంకు ఎఫ్‌డీకి ఇంత వస్తుంది? డిక్రీ అయి, దాన్ని అమలు చేయించే పిటిషన్ (ఈపీ) పడి, కోర్టు అమీన్ వచ్చి ఆఫీసు కుర్చీలు ఆటోలో ఎక్కిస్తుంటే అప్పుడు ఫోన్: "జీపీ సార్, ఏదో ఒకటి చేయండి!" స్టే కోసం ఆ రాత్రికే మూడు సెట్లుగా బైండింగై హైదరాబాద్‌లో హైకోర్టుకు చేరతారు మీరు. కుర్చీ పోతే కాళ్లొస్తాయన్నమాట.

2012లో తపాలా శాఖ 427 రోజులు ఆలస్యంగా అప్పీలుకు వెళితే, ఫైళ్లు టేబుళ్లు మారడం సాకు కాదని సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. మనవాళ్లు వెంటనే దిద్దుకున్నారు. అఫిడవిట్లలో ఇప్పుడు "పరిపాలనా కారణాలు" అని రాస్తున్నారు.

రైతు గెలిస్తే నాకు బాధ లేదు, అది అతని హక్కు. చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే సర్కారు భూమి) నాదంటూ దావా వేసినవాడు గెలిస్తేనే కడుపు మండుతుంది. పాత పహాణీ (ఏటేటా రాసే భూమి రికార్డు) ఒక్కటి చూపిస్తే మనదే గెలుపు. అందులోనూ మీరు రాలేదు, మన జవాబు లేకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది. ఇప్పుడక్కడ ప్లాట్లకు రాళ్లు పాతుతున్నారు.

ఆ డిక్రీని కొట్టేయమని వేసిన పిటిషన్ సోమవారం వాయిదాకు ఉంది. వచ్చేటప్పుడు పహాణీ సర్టిఫైడ్ కాపీ వెంట తెచ్చుకోండి. అంగన్‌వాడీ అద్దె సంగతి అక్కర్లేదు.

ఇట్లు,
మీ రాకకై వేచియున్న
ప్రభుత్వ ప్లీడరు