గుడి సముద్రం దాటింది, బడి ఎప్పుడు దాటుతుంది?

తెల్లవారుజామున అయిదున్నరకే మా పక్కింట్లో శ్రుతి మొదలవుతుంది. సంగీతం టీచరు ఎదుట స్టూలు మీద ఫోను, అందులో ముగ్గురు పిల్లలు. న్యూజెర్సీలో అప్పుడు రాత్రి ఎనిమిది. ఫోనులో స్వరం కాస్త ఆలస్యంగా చేరుతుంది కనుక కలిసి పాడటం కుదరదు. ఆమె ఒక పంక్తి పాడి ఆగుతారు, పిల్లలు ఒక్కొక్కరే అందుకుంటారు. 'వేళ'ను 'వేల' అంటున్న చిన్నదానికి నాలుక ఎక్కడ మడవాలో నోరు తెరిచి చూపిస్తారు. మొన్న ఆ పిల్ల తల్లి అడిగింది: "టీచర్, వీళ్లకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఏమైనా ఇస్తారా?"

ఆమె దగ్గర జవాబు లేదు. ఆ జవాబు చెప్పాల్సింది మా ఊరు తిరుపతి.

విదేశీ విద్య అనగానే ఈ ఊళ్లో గుర్తొచ్చేది కన్సల్టెన్సీ బోర్డులే. పిల్లల్ని పంపడం మనకు బాగా తెలుసు. చదువునే పంపవచ్చన్న ఆలోచన మాత్రం ఇంకా బలంగా నాటుకోలేదు. దేశంలో ఆ దారి ఎప్పుడో పడింది. బిట్స్ పిలానీ 2000లోనే దుబాయ్ చేరింది. మంచి పేరున్న విశ్వవిద్యాలయాలు బయటి దేశాల్లో ప్రాంగణాలు తెరవాలని 2020 జాతీయ విద్యా విధానం ప్రోత్సహించింది. 2023లో ఐఐటీ మద్రాస్ తూర్పు ఆఫ్రికాలోని జాంజిబార్‌లో తరగతులు ప్రారంభించింది. అక్కడి ప్రభుత్వం కోరుకున్న చదువు, ఇక్కడి సంస్థ చెప్పగలిగిన చదువు ఒకటే కావడం వల్ల అది సాధ్యమైంది.

మరి తిరుపతి ఏం చెప్పగలదు? డేటా సైన్స్ చెప్పేవాళ్లు లోకమంతా ఉన్నారు. గుడి కట్టే తీరు, పూజా విధానం చెప్పే ఆగమం, సంస్కృత శాస్త్రాలు, అన్నమయ్య పాట, శిలను విగ్రహంగా మలిచే పని, శ్రీకాళహస్తి కలంకారీ ఒకే జిల్లాలో దొరికే చోటు మరెక్కడుంది? జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, వేద విశ్వవిద్యాలయం, టీటీడీ సంగీత నృత్య కళాశాల, సంప్రదాయ శిల్పకళా సంస్థ కూతవేటు దూరంలో ఉన్నాయి. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో తిరుమల నమూనాలో వేంకటేశ్వరాలయం వెలిసింది 1970ల్లో. గుడి వెంట అర్చకులు, గుడి కట్టే స్థపతులు వెళ్లారు. వాళ్లను తయారుచేసిన బడి వెళ్లలేదు. ఆ ఖాళీని అక్కడి తెలుగువాళ్లే పూడ్చుకుంటున్నారు. కాలిఫోర్నియాలోని యూనివర్సిటీ ఆఫ్ సిలికానాంధ్ర కూచిపూడి, కర్ణాటక సంగీతం నేర్పుతోంది. ఇది చూసి నాకు సంతోషమూ ఉంది, బాధా ఉంది.

గల్ఫ్ సంగతి వేరు. కువైట్‌లో మన చిత్తూరు, కడప కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2021 నుంచి నీట్ పరీక్షా కేంద్రాలు కువైట్, దుబాయ్‌లకూ వచ్చాయి. కోచింగ్ సంస్థలకు అక్కడ గిరాకీ ఉంటుంది, కాదనను. కానీ రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లలో పిల్లల్ని కూర్చోబెట్టే పద్ధతిని ఓడెక్కించడానికి నా మనసు ఒప్పదు. ఎగుమతికి అర్హమైన బోధన ఉమ్మడి చిత్తూరులోనే మరొకటి ఉంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో, ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు కార్డుల సాయంతో ఎవరి వేగంలో వాళ్లు నేర్చుకునే విధానం రూపుదిద్దుకుంది. పల్లె బడి కోసం పుట్టిన ఆ పద్ధతిపై జర్మనీలోని రెగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం పనిచేసింది. దానికి భవనాలు అక్కర్లేకపోయింది.

కాబట్టి తొలి అడుగుకు కోట్ల రూపాయల ప్రాంగణం అవసరం లేదు. పాఠ్యక్రమం, మూడు స్థాయుల పరీక్ష, శిక్షణ పొందిన పరీక్షకులు, పట్టా మీద ఇక్కడి విశ్వవిద్యాలయం ముద్ర ఉంటే చాలు. తరగతులకు ఆలయాల హాళ్లున్నాయి, వారాంతాలున్నాయి. కలంకారీ, శిల్పం ఫోనులో నేర్పలేం. కరక్కాయ కషాయంలో తడిసిన గుడ్డ వాసన చూడాలి, ఉలి దెబ్బ చేతికి తెలియాలి. వాటికి గురువులు ఏటా రెండు నెలలు అక్కడికి వెళ్లాలి, విద్యార్థులు ఒక వేసవి ఇక్కడికి రావాలి. ఆ పట్టాకు అక్కడి విద్యాసంస్థల్లో గుర్తింపు తేవడమే అసలు కష్టం. దేశానికో నిబంధన, అమెరికాలో రాష్ట్రానికో నిబంధన. ఆ పని ఒంటరి టీచరు వల్ల కాదు. విశ్వవిద్యాలయాలు, టీటీడీ కలిసి ఒక కార్యాలయం పెట్టి చేయాలి.

పక్కింటి టీచరు ఆ తల్లికి చివరికి ఒక కాగితం పంపారు. పిల్ల నేర్చుకున్న పద్నాలుగు కీర్తనల పేర్లు, రాగం, తాళం, కింద తన సంతకం. ముద్ర వేయాల్సిన చోటు ఖాళీగా వదిలారు.