8 అడుగుల స్లాబుకు ఝూమర్

(హన్మకొండలో ఓ పాత స్లాబు ఇల్లు. ముందర్రలో నేల నుంచి స్లాబుకు 8 అడుగుల 2 అంగుళాలు. కొమురయ్య అట్టడబ్బ దించాడు. సరోజన చేతిలో టేపు.)

సరోజన: గా డబ్బల ఏముందయ్యా?

కొమురయ్య: ఝూమర్, పూసలు వేలాడే దీపం. మా సడ్డకునింట్ల ఉన్నసొంటిదే.

సరోజన: ఆయినది డూప్లెక్సు. హాలు మీద రెండంతస్తుల జాగ ఖాళీగున్నది. గిదెంత పొడుగు?

కొమురయ్య: గొలుసుతోని 2 అడుగులు.

సరోజన: ఇగ కింద మిగిలేది 6 అడుగుల 2 అంగుళాలు. నువ్వు అంగీ తొడుక్కోను చేతులెత్తితివా, పూసలన్నీ నెత్తి మీదనే. మనిషి తిరిగే కాడ దీపం కింద 7 అడుగులన్న ఉండాలె.

కొమురయ్య: గొలుసు తీసేస్త.

సరోజన: గొలుసు 6 అంగుళాలే. ఇంకో 4 అంగుళాలకు నీ కాళ్లు కోస్తవా?

కొమురయ్య: అయితే మనుషులు నడువని కాడ పెడదాం.

సరోజన: అన్నం తినే టేబుల్ మీదైతే పెట్టొచ్చు. బల్ల మీంచి 30 నుంచి 36 అంగుళాల ఎత్తుల. మనమేమో శత్రంజి మీద కూసోని తింటిమి.

కొమురయ్య: టేబుల్ కొంటే సరి!

సరోజన: ఝూమర్ కోసం టేబుల్, టేబుల్ కోసం ఇంకో అర్ర. కట్టు మరి.

కొమురయ్య: సరే తియ్. ఫాల్స్ సీలింగ్ కొట్టించి, గుండ్రం లైట్లు లోపలికి దిగేస్త.

సరోజన: ఫ్రేము, బోర్డు కలిసి 4 నుంచి 6 అంగుళాలు మింగుతయి. ఫ్యాను రెక్కల మీద గాలికి జాగ కావాలంటే రాడ్ పొడుగు చేయాలె. రెక్కలు 7 అడుగుల కంటె కిందికొస్తయి. స్లాబుకే అతికే సర్ఫేస్ ప్యానెల్ తే, మందం అంగుళమో అంగుళమున్నరో.

కొమురయ్య: 40 వాట్లది ఒక్కటి, నడిమిట్ల.

సరోజన: నడిమిట్ల ఫ్యానున్నది! రెక్కల మీద లైటు పెడితే నీడలు చకచక కొట్టి తల నొస్తది. 48 అంగుళాల ఫ్యానంటే నడిమి నుంచి 2 అడుగులు రెక్కలే. అది దాటి ఇంకో అడుగున్నర అవతల, రెండు దిక్కుల రెండు పెట్టాలె. ఇగ వాట్లు కాదు చూసేది, ల్యూమెన్లు, అంటే వెలుగు కొలత. 10 బై 12 అర్ర, 120 చదరపడుగులు. అడుగుకు 20 లెక్కన 2400. మంచి ఎల్ఈడీ వాటుకు వంద దాకా ఇస్తది. 12 వాట్లయి రెండు సాలు.

కొమురయ్య: తెల్లగ కొట్టొచ్చేది తెస్త. వెలుగు రంగు లెక్కల 6500 కెల్విన్.

సరోజన: దవాఖానల పండుకున్నట్టు! ముందర్రకు 4000, పడకర్రకు 3000. ఒక్క అర్రల రెండు రకాలు కలుపకు, గోడలు మచ్చలు మచ్చలు కనబడ్తయి.

కొమురయ్య: ఇన్ని చేసినా స్లాబు నెత్తి మీదనే కూసున్నట్టుంటది గదనే.

సరోజన: వెలుగంతా కిందికే కొడితే గట్లనే ఉంటది. కొంత పైకి పంపాలె. సజ్జ మీద ఎల్ఈడీ పట్టీ పెడదాం. సజ్జకు స్లాబుకు నడుమ అడుగున్నర ఉన్నది, సాలు. అడుగు కంటె తక్కువైతే వెలుగు పరుచుకోదు, గీత గీసినట్టుంటది. స్లాబుకు మెరిసే పెయింటు ఎయ్యకు, పట్టీల చుక్కలన్నీ అండ్ల కనబడ్తయి. మ్యాట్ తెలుపే ఎయ్యి.

కొమురయ్య: పట్టీ తెచ్చుడేనా, ఇంకేమన్న ఉన్నదా?

సరోజన: 12 వోల్టులది 5 మీటర్ల చుట్ట వస్తది. ఒక్క కొసకే కరెంటిస్తే రెండో కొస మసకబారుతది. రెండు కొసలకు ఇయ్యాలె. కత్తెర గుర్తున్న కాడనే కోయాలె, పక్కన కోస్తే ఆ ముక్క వెలుగది. పట్టీ 48 వాట్లయితే దానికి 12 వోల్టుల కరెంటిచ్చే డబ్బ, డ్రైవర్, 60 వాట్లది తే, గాలాడే కాడ పెట్టు. మూలకు ఇరికిస్తే వేడికి ముందుగాల అదే పోతది.

కొమురయ్య: అంతా మంచిగనే ఉన్నది. మరి సజ్జ మీది గుండిగలు?

సరోజన: అవి మా తల్లిగారింటియి. కదిలియ్యద్దు.

కొమురయ్య: వాటెనుక పట్టీ పెడితే స్లాబంతా గుండిగ నీడలే!

సరోజన: ముందటంచుకు పెట్టు. రెండంగుళాల చెక్క అడ్డం కొడితే కూసున్నోళ్ల కండ్లల్ల పడది.

కొమురయ్య: అంచుకు గంగాళం ఆనుకోని ఉన్నది. నాలుగంగుళాలు జరుపద్దా?

సరోజన: మా అన్న పెట్టిండు, మా అన్ననే జరుపాలె.

కొమురయ్య: గంగాళం జరుపనీకె మీ అన్న జమ్మికుంట నుంచి రావాల్నా?

సరోజన: వస్తడు. స్టూలు మాత్రం నువ్వే పట్టుకోవాలె.