ఉత్తరం రాస్తే మార్చేస్తారా?

జస్టిస్ అతుల్ శ్రీధరన్‌ను మధ్యప్రదేశ్ హైకోర్టు నుంచి ఛత్తీస్‌గఢ్‌కు పంపాలని సుప్రీంకోర్టు కొలీజియం, అంటే జడ్జిల నియామకాలు, బదిలీలు సిఫారసు చేసే సీనియర్ న్యాయమూర్తుల బృందం, 2025 ఆగస్టులో తీర్మానించింది. అక్టోబరు వచ్చేసరికి కాదు, అలహాబాద్‌కు వెళ్లాలంది. కేంద్ర ప్రభుత్వం పునఃపరిశీలించమని కోరింది కాబట్టి మార్చామని కొలీజియమే తన ప్రకటనలో రాసింది. ప్రభుత్వం చెప్పిన కారణమేంటో, అది కొలీజియానికి ఎందుకు సబబనిపించిందో ఒక్క ముక్క కూడా లేదు.

ఊరు మార్పే కదా అనుకోవద్దు. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్న బిలాస్‌పూర్ వెళ్తే ఆయనది సీనియారిటీలో రెండో స్థానం, అంటే హైకోర్టు కొలీజియంలో కూర్చుని కొత్త జడ్జిల పేర్లు సిఫారసు చేసే ముగ్గురిలో ఒకరు. అలహాబాద్‌లో ఏడో స్థానం, అక్కడ ఆ కుర్చీ లేదు. ఆ ఏడాది మే నెలలో సైన్యాధికారి కర్నల్ సోఫియా ఖురేషీపై నోరు పారేసుకున్న మధ్యప్రదేశ్ మంత్రి విజయ్ షా మీద, ఎవరూ పిటిషన్ వేయకుండానే కేసు చేపట్టి, అదే రోజు ఎఫ్ఐఆర్ కట్టమన్నది ఈయన బెంచే. దానికీ దీనికీ ముడి ఉందని మేం అనడం లేదు. కానీ కారణం దాచిపెడితే జనం అనుకునేది అదే.

బదిలీలపై ప్రభుత్వం అభిప్రాయం చెప్పుకోవడంలో తప్పేం లేదనేవాళ్లున్నారు. సరే, చెప్పుకోనివ్వండి, అందరికీ తెలిసేలా చెప్పుకోనివ్వండి.

మా భయం ఒక్క జడ్జి గురించి కాదు, ఇది అలవాటైపోతోందని. 2019లో జస్టిస్ అకిల్ ఖురేషీని మధ్యప్రదేశ్ ప్రధాన న్యాయమూర్తిగా సిఫారసు చేసి, ప్రభుత్వం నుంచి లేఖలొచ్చాక త్రిపురకు మార్చారు. 2022లో ఒరిస్సా ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ మురళీధర్‌ను మద్రాసుకు పంపాలన్నారు, ఢిల్లీలో ఫైలు కదల్లేదు, చివరికి కొలీజియమే సిఫారసు వెనక్కి తీసుకుంది. ఇప్పుడిది. రేపు ప్రభుత్వానికి కంటగింపయ్యే తీర్పు రాయాల్సిన జడ్జికి, పెన్ను పట్టుకోగానే ఈ మూడు పేర్లూ గుర్తురావా?

2015 అక్టోబరు 16న ఇదే సుప్రీంకోర్టు, జడ్జిల ఎంపికలో ప్రభుత్వానికి చోటిస్తే స్వతంత్రత దెబ్బతింటుందని ఆ చోటిచ్చే జడ్జిల నియామకాల కమిషన్‌ను 4-1తో కొట్టేసింది. కొలీజియంలో పారదర్శకత లేదంటూ విభేదించిన ఆ ఒక్కరు మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్. సరిగ్గా పదేళ్లు నిండటానికి రెండు రోజుల ముందు, అక్టోబరు 14న, ఈ మార్పు. పార్లమెంటు రాజ్యాంగాన్నే సవరించి బాహాటంగా అడిగితే ఇవ్వనన్న చోటును, ఎవరూ చూడని ఒక ఉత్తరానికి ఇచ్చేస్తారా? ఇలాగైతే ఆనాడు కాపాడిందేమిటి?

ఆ ఉత్తరం బయటపెట్టండి. అదీ చేతకాదంటే, 2015 తీర్పు పేరు చెప్పి స్వతంత్రత మీద మాకు ఉపన్యాసాలివ్వడం మానుకోండి.